పద్నాలుగో షరతుకు జవాబు

అయ్యా,
మీ ఉత్తరం అందింది.
భూతద్దం పెట్టి రెండుసార్లు చదివాను,
మూడోసారి నోల్బెర్తో చేత చదివించాను.
మీరు రాసిన "బయటి వ్యక్తి" అతనే.
పద్నాలుగో షరతు దగ్గర దగ్గొచ్చి ఆగాడు:

"చందాదారు ఇంటి గోడలు దాటి
సిగ్నల్ ఇతరులకు అందరాదు."

మంచిది. ముందు గోడల సంగతి.
వల్పరాయిసోలో, మా కొండ మీద
గోడంటే రేకు,
రేకు వెనక చెక్క, చెక్కకి అతికించిన
పాత పేపర్లు, ఆ వెనక నోల్బెర్తో.
అతని దగ్గు నా నిద్రలోకొస్తుంది.
నేను ఉల్లిపాయలు తరిగితే
అతని కళ్ళు నీళ్ళు కారతాయి.
వీటికి మీరింకా బిల్లు వెయ్యలేదు.

అయినా నేను రూలు తప్పే మనిషిని కాను.
ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో
తీగలు గుచ్చి, తీగలు పీకిన చేతులివి.
మూడు నిమిషాలకి లైను తెంచాలని
అప్పుడూ ఒక షరతుండేది.
తెంచేదాన్ని.
ఓడల మీది మొగుళ్ళతో మాట్లాడే
ఆడవాళ్ళ విషయంలో మాత్రం
గోడ మీది గడియారం కాస్త నెమ్మదించేది.
దానికి నూనె వెయ్యడం నా ఉద్యోగం కాదు.

కనుక మీ మాట ప్రకారం
ఆదివారం పెట్టెను అల్యూమినియం రేకులో చుట్టి
ఫోను పట్టుకుని మెట్లు దిగాను.
ముప్పై ఎనిమిదో మెట్టు మీద
యాస్నా, పదేళ్ళ పిల్ల,
సముద్రం మీంచొచ్చే జల్లుకి గొడుగు అడ్డం పెట్టి
భిన్నాల లెక్కలు చేస్తోంది.
"ఇంకా వస్తోందా?"
"రెండు గీతలు," అంది తలెత్తకుండా.

సోమవారం ఎనామిల్ గిన్నె బోర్లించాను.
ఒక గీత.
మంగళవారం ఓవెన్లో పెట్టి తలుపేశాను.
అప్పుడు ఆగింది.
యాస్నాకే కాదు, నాక్కూడా.

ఆ రాత్రి నోల్బెర్తోకి
తన గుర్రం గెలిచిందో లేదో తెలియలేదు.
మర్నాడు రొట్టెలమ్మే అతని నోట విన్నాడు, ఓడిందని.
ఒక రాత్రి ఎక్కువ ఆశపడనిచ్చినందుకు
మీకు కృతజ్ఞతలు రాయమన్నాడు.
రుపెర్తా ఇన్సులిన్ కోసం
మందుల షాపు తెరిచుందో లేదో తెలియక
కొండ దిగి, మూసిన షట్టర్ చూసి, కొండెక్కింది.
ఆవిడ మీకేమీ రాయమనలేదు.
యాస్నా వచ్చి తలుపు కొట్టింది.
ఐదో లెక్క నేనే చెప్పాను.
తప్పని టీచరు ఎర్ర సిరాతో గీత గీసింది.
ఆ గీత మాత్రం పూర్తి బలంతో ఉంది.

బుధవారం నేను రొట్టె కాల్చుకోవాలి.
పెట్టెను బయటికి తీశాను.

రెండో పేజీలో అడిగారు:
పాస్‌వర్డ్ ఎవరెవరికిచ్చారో పేర్లు రాయమని.
ఎవరికీ ఇవ్వలేదు, ఒట్టు.
అది మా కుక్క పేరు.
దాల్చినచెక్క రంగు, అందుకే కనేలా అన్నాం.
పద్నాలుగేళ్ళు ఈ మెట్లు ఎక్కింది, దిగింది,
ప్రతి ఇంట్లో ఒక పూట తిండి తింది.
చీకటి పడ్డా రాకపోతే
కొండంతా కిటికీలు తెరిచి
ఆ పేరే కేకలేసేది.
అది పోయి నాలుగేళ్ళు.
ఇప్పుడు దాన్ని ఎవరూ పిలవరు,
వేళ్ళతో తప్ప.

దాన్ని మార్చమంటారు.
మార్చను.
ఈ నెల బిల్లు పూర్తి మొత్తం జతచేశాను.

మీ మనిషిని తనిఖీకి పంపుతామన్నారు, పంపండి.
నూట పన్నెండు మెట్లు.
ముప్పై ఎనిమిదో దాని మీద కాసేపు కూర్చుని
ఊపిరి తీసుకోమనండి.
అక్కడ సిగ్నల్ బాగుంటుంది.

ఇట్లు,
ఎదువీహిస్,
పచ్చ రేకుల ఇల్లు, మెట్ల చివర.